టర్బో కిట్: పెట్టెలో ఉన్నదెంత, లేనిదెంత

శనివారం సాయంత్రం ఎవరింట్లో కలిసినా, భోజనాలకు ఇంకా టైముందనగానే మగవాళ్లు ఒక్కొక్కరే గ్యారేజీలోకి జారుకుంటారు. డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఇది మామూలే. మా గ్యారేజీలో బానెట్ తెరిచిన 1999 మజ్దా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, ఒకటి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మాట తొందరగా టర్బో మీదికి పోతుంది. ఈమధ్య వచ్చిన ఒక కుర్రాడు తనూ ఓ పాత మియాటా కొన్నాడు. ఫోన్ నా ముందు పెట్టి, "అన్నా, కిట్ 4,500 డాలర్లు. నెలనెలా కొంచెం కొంచెం కట్టుకోవచ్చట. హెడర్ స్టెయిన్‌లెస్సే. కొనేయనా?" అన్నాడు. హెడర్ అంటే ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాల గుత్తి. ఆ కాస్త మాటలో మూడు చిక్కుముళ్లున్నాయి: పెట్టెలో ఏముంది, హెడర్ ఏ లోహం, డబ్బు ఎలా కట్టాలి. ఒకటి విప్పేలోపే లోపల్నుంచి భోజనాలకు పిలుపొచ్చింది. మిగతాది ఇక్కడ.

ముందు టర్బో సంగతి. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదితే నిప్పు రాజుకుంటుంది. టర్బో కూడా తిత్తే. కాకపోతే దాన్ని ఊదేది మనిషి కాదు, ఆ కొలిమి పొగే. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని కుక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూఖీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మామూలు జనం కొనే కార్లలోకి రావడానికి మాత్రం 1962 దాకా పట్టింది. ఆ ఏడాది అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వేర్ టర్బోతో వచ్చాయి. అందులో జెట్‌ఫైర్‌కు పెట్రోలుతోపాటు నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని వేరే ట్యాంకులో పోసుకోవాల్సి వచ్చేది. ఎందుకంటే గాలిని కుక్కితే వేడెక్కుతుంది. టర్బో కథలో ప్రతి చిక్కూ చివరికి ఈ వేడి దగ్గరికే వచ్చి చేరుతుంది.

ఎంత వేడెక్కుతుందో చూద్దాం. సముద్ర మట్టంలో గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు. టర్బో దానికి ఇంకో 7 కలిపితే (ఈ అదనపు ఒత్తిడినే బూస్టు అంటారు) ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లు. అంటే సగం గాలి ఎక్కువ, సగం పవర్ ఎక్కువ అని కాగితం మీద అనిపిస్తుంది. కానీ 27 డిగ్రీల గాలిని 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్‌తో అంతవరకు కుక్కితే అది 80 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. వేడి గాలి పలచబడుతుంది కాబట్టి సగం లాభం అక్కడే పోతుంది. దాన్ని చల్లార్చడానికే ఇంటర్‌కూలర్. అది లేని కిట్‌ను, టెక్సస్ ఆగస్టు ఎండలు చూసినవాడిగా, నేనైతే ముట్టుకోను.

వేడి గాలితో ఇంకో ప్రమాదం నాకింగ్. స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట పూర్తిగా పాకకముందే సిలిండర్ మూలల్లో పెట్రోలు దానంతటదే భగ్గుమంటే పిస్టన్ మీద సుత్తి దెబ్బలు పడతాయి. టర్బో లేకుండా పుట్టిన ఇంజిన్లలో కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క, ఎక్కువ పెడతారు. నా మియాటాలో అది 9.5కి 1. అదే 2013 సుబారు బీఆర్‌జెడ్‌లో 12.5కి 1. ఆ రెండింటికీ ఒకే 7 పీఎస్‌ఐ ఇచ్చినా రెండూ ఒకేలా తట్టుకోలేవు. అందుకే "ఎన్ని గుర్రాలు (హార్స్‌పవర్) వస్తాయి" అన్న ప్రశ్నకన్నా "ఏ పెట్రోలుతో, ఎంత బూస్టుతో వస్తాయి" అన్నది ముఖ్యం. పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. కాలిఫోర్నియా బంకుల్లో ప్రీమియం అంటే 91, ఇక్కడ 93. కిట్ ప్రకటనలో చూపించిన పవర్ గ్రాఫ్ ఏ ఆక్టేన్‌తో తీశారో చూసుకోవాలి. ఇంకో మాట, మనవాళ్లు ఇక్కడే పొరబడతారు: ఇండియాలో బంకు మీద 91 అని ఉంటే అది ఆర్‌ఓఎన్ అనే ఒకే పద్ధతి లెక్క. అమెరికా అంకె వేరే లెక్క, రెండు పద్ధతుల సగటు. అమెరికా 91 అంటే మన లెక్కలో దాదాపు 95, 96. మన 91 ఇక్కడి మామూలు 87తో సమానం.

ఇక పెట్టె. కిట్ అన్న మాటకు నిర్వచనం లేదు. ఒకరు కిట్ అంటే టర్బో, మేనిఫోల్డ్ (హెడర్ పనే చేసేది), డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను కిందికి తీసుకెళ్లేది), ఇంటర్‌కూలర్, గొట్టాలు, నూనె పైపులు, నీళ్ల పైపులు, గాస్కెట్లు, బోల్టులతో సహా ఇస్తారు. ఇంకొకరు వీటిలో సగం తీసేసి, ఆ పేరే ఉంచి, ధర మాత్రం తగ్గించినట్టు చూపిస్తారు. ఎక్కువగా వదిలేసేది రెండు: ఇంధనం, ఇంజిన్ కంప్యూటర్.

ఇంధనం లెక్క చేత్తో వేసుకోవచ్చు. ఇంజిన్ దగ్గర 220 గుర్రాలు కావాలంటే, టర్బో ఇంజిన్ పూర్తి థ్రాటిల్‌లో గంటకు 60 కిలోల దాకా పెట్రోలు తాగుతుంది, అంటే 80 లీటర్లు. పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లకు పంచి, వాటిని 80 శాతానికి మించి తెరిచి ఉంచకూడదనుకుంటే ఒక్కోటి నిమిషానికి 420 సీసీ దాకా ఇవ్వగలగాలి. ఫ్యాక్టరీలో 140 గుర్రాల కోసం పెట్టిన ఇంజెక్టర్లకు అది శక్తికి మించిన పని. పెద్ద ఇంజెక్టర్లు పెడితే ఆ సంగతి కంప్యూటర్‌కు చెప్పాలి. పాత మియాటా కంప్యూటర్ చెబితే వినే రకం కాదు కాబట్టి వేరేది కొనాలి. దాన్ని ట్యూన్ చేయించాలి. గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో కలుస్తున్నాయో చూడటానికి వైడ్‌బ్యాండ్ సెన్సర్ కావాలి. పెరిగిన టార్కుకు, అంటే తిప్పే బలానికి, పాత క్లచ్ జారుతుంది, అది మార్చాలి. నా అంచనాలో కంప్యూటర్‌కు వెయ్యి, ట్యూనింగుకు ఆరేడు వందలు, క్లచ్‌కు ఐదారు వందలు, ఇంజెక్టర్లకూ సెన్సర్‌కూ ఇంకో ఐదారు వందలు. మెకానిక్ చేత చేయిస్తే కూలి వేరు. 4,500 తడిసి మోపెడై 7,000 దాటుతుంది. ఇందులో ఏదీ దుబారా కాదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినవాళ్ల ఇంజిన్లే పిస్టన్‌లో చిల్లుపడి ట్రక్కెక్కుతాయి.

నూనె గొట్టం గురించి కూడా ఒక్క మాట. టర్బో నుంచి నూనె కిందికి దిగేది పంపుతో కాదు, దాని బరువుతోనే. ఆ పైపు సన్నగా ఉన్నా, మధ్యలో పైకి వంగినా నూనె వెనక్కి తన్ని సీళ్లు దాటి పొగవుతుంది. కొత్త టర్బో పాడైందని తిరిగి పంపినవాటిలో కొన్నిటికి అసలు జబ్బు ఈ పైపే. ఆర్డర్ ఇచ్చేముందు ఆ పైపు ఫొటో అడగండి.

ఇప్పుడు హెడర్. టర్బో లేని కారులో హెడర్ పని పొగను సాఫీగా బయటికి పంపడం, అంతే. టర్బో కారులో అదే వస్తువు దూలంలా బరువు కూడా మోయాలి. దాని కొసన ఆరేడు కిలోల టర్బో వేలాడుతుంటుంది, దాని వెనక డౌన్‌పైప్ లాగుతుంటుంది, లోపల 850 నుంచి 950 డిగ్రీల పొగ పోతుంటుంది, చలికాలం పొద్దున స్టార్ట్ చేస్తే గడ్డకట్టే చలినుంచి నిమిషాల్లో ఎర్రబడుతుంది. అందుకే "స్టెయిన్‌లెస్సే" అన్న మాట వినగానే నాకు కొంచెం భయం వేస్తుంది.

మన వంటింటితో పోల్చి చూడండి. దోశ పెనం పోత ఇనుముది. బరువు, మెల్లగా వేడెక్కుతుంది, వేడిని పట్టుకుంటుంది, వంకర పోదు. స్టీలు గిన్నె అడుగున 18/8 అని ఉంటుంది చూశారా, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. హెడర్ల వాళ్లు 304 అని గొప్పగా రాసేది అదే జాతి లోహం. మెరుస్తుంది, తుప్పు పట్టదు, వెల్డింగుకు లొంగుతుంది. కానీ వేడికి బాగా సాగుతుంది. 40 సెంటీమీటర్ల 304 గొట్టం గది వేడి నుంచి 800 డిగ్రీలకు వెళ్తే దాదాపు ఆరు మిల్లీమీటర్లు పొడుగవుతుంది. మైల్డ్ స్టీల్ అదే వేడికి నాలుగు చిల్లర. ఒక కొస సిలిండర్ హెడ్‌కు బోల్టులతో బిగించి, రెండో కొసన టర్బో వేలాడదీసి, మధ్యలో గొట్టాన్ని ఇంత సాగమంటే అది ఎక్కడో ఒకచోట పగలాల్సిందే. పగిలేది దాదాపు ఎప్పుడూ వెల్డింగు పక్కనే.

దానికి కారణముంది. 304ను సుమారు 425 నుంచి 860 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచితే అందులోని కార్బన్, క్రోమియంతో కలిసి లోహపు రేణువుల అంచుల్లో పేరుకుంటుంది. ఆ అంచులు బలహీనపడతాయి. టర్బో హెడర్ బతుకంతా ఆ మధ్యలోనే గడుస్తుంది. 321 అనే రకంలో కొంచెం టైటానియం కలుపుతారు. కార్బన్ ముందు దాన్ని పట్టుకుంటుంది, క్రోమియం జోలికి పోదు. 347లో అదే పని నయోబియం చేస్తుంది. ఈ రెండూ వేడిలో 304 కన్నా గట్టిగా నిలబడతాయి, ధర కూడా అలాగే ఉంటుంది. ఆ పైన ఇంకోనెల్ అనే నికెల్ మిశ్రమం ఉంది, అది రేసుల వాళ్ల సొత్తు. టైటానియం హెడర్ అని ఎవరైనా అమ్మజూపితే దండం పెట్టి రండి. 600 డిగ్రీలు దాటితే ఆ లోహం గాలిని పీల్చి పెళుసెక్కుతుంది. టర్బో తర్వాత వెనక ఉండే సైలెన్సర్ గొట్టానికి అది బాగుంటుంది, ముందు కాదు.

లోహం పేరుకన్నా మందం ఎక్కువ చెబుతుంది. రేసు హెడర్లలో వాడే 16 గేజ్ ట్యూబు మందం 1.65 మిల్లీమీటర్లు. షెడ్యూల్ 10 అనే పైపు, ఒకటింబావు అంగుళం సైజులో, 2.77. షెడ్యూల్ 40 అయితే 3.56. ఫొటోలో మూడూ ఒకేలా మెరుస్తాయి. మందమైన 304, సన్నటి 321 కన్నా రోడ్డు కారులో ఎక్కువకాలం బతుకుతుందని నా నమ్మకం. టర్బో బరువును ఇంజిన్ బ్లాకుకు పట్టి ఉంచే ఊతకమ్మీ ఉంటే ఇంకా మేలు.

నా మొదటి హెడర్ సన్నటి 304. ఊతం లేదు. ఎనిమిదో నెలలో టిక్‌టిక్ మని చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే రెండో గొట్టం కలిసే చోట వెంట్రుకంత పగులు. లోపల వేలు పెట్టి తడిమితే వెల్డింగు వెనకవైపు పాకం గడ్డకట్టినట్టు గరుకుగా ఉంది. స్టెయిన్‌లెస్‌ను వెల్డ్ చేసేటప్పుడు గొట్టం లోపల ఆర్గాన్ గ్యాస్ నింపాలి, లేకపోతే లోపలివైపు లోహం గాలి తగిలి మాడిపోతుంది. వెల్డర్లు దీన్ని షుగరింగ్ అంటారు. బయటివైపు మాత్రం నాణేలు పేర్చినట్టు ఎంత అందంగా ఉందో! జీవితకాలం వారంటీ అన్నారు, నిజమే, కొత్తది పంపారు. రానూపోనూ షిప్పింగ్, గాస్కెట్లు, రెండు వారాంతాలు నావి. వేడి బయటికి రాకుండా గుడ్డ చుట్టినందుకు వారంటీ చెల్లదని ముందు వాదించారు కూడా. హెడర్ చుట్టూ ఆ చుట్టుడు వేస్తే వారంటీ పోతుందని చాలామంది తయారీదారులు చిన్న అక్షరాల్లో రాస్తారు. చుట్టితే లోహం ఇంకా వేడిగా ఉంటుంది మరి. సిరామిక్ పూత, దానిపైన రేకు కవచం, ఇవి సురక్షితమైన దారి.

మైల్డ్ స్టీల్‌ను అందరూ చులకన చేస్తారు. మందంగా ఉండి, లోపలా బయటా సిరామిక్ పూత ఉంటే చవక దారిలో అది మరీ తీసిపారేయదగ్గది కాదు. పూత లేకపోతే ఆ వేడికి పొరలుపొరలుగా పెచ్చులూడుతుంది. ఆ పెచ్చు వెళ్లి తగిలేది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే చక్రానికి.

200, 220 గుర్రాల రోడ్డు మియాటాకు నా ఓటు పోత ఇనుప మేనిఫోల్డుకే. దోశ పెనం లాంటిది, చూడ్డానికి మొరటు. గొట్టాలన్నీ ఒకే పొట్టి దిమ్మలో కలుస్తాయి కాబట్టి ఇంజిన్ బాగా వేగంగా తిరిగేటప్పుడు కొద్దిగా పవర్ తగ్గుతుంది. కానీ పొట్టి దారి వల్ల టర్బో తొందరగా వేగం అందుకుంటుంది. ఫ్యాక్టరీ టర్బో కార్లలో సిలికాన్, మాలిబ్డినం కలిపిన పోత ఇనుమో, అంతకన్నా వేడి తట్టుకునే పోత ఉక్కో ఏళ్లతరబడి వాడుతున్నారు. ఎవరికీ కనబడని చోట అందం దేనికి? అయితే మియాటా టర్బోల్లో అందరికీ తెలిసిన ఒక రోగముంది. మేనిఫోల్డుకు టర్బోను బిగించే స్టడ్లు వేడికి సాగి నట్లు వదులవుతాయి. ఇంకోనెల్ స్టడ్లు, వదులు కాని వాషర్లు వేస్తే నయమవుతుంది. ఇంకోనెల్ మీద డబ్బు పెట్టదలిస్తే హెడర్ మీద కాదు, ఆ నాలుగు స్టడ్ల మీద పెట్టండి.

ఇక డబ్బు కట్టే దగ్గరికొద్దాం. టర్బో కిట్లు కిరాణా సరుకుల్లా షెల్ఫు మీద ఉండవు. చాలావరకు ఆర్డర్ వచ్చాక వెల్డ్ చేస్తారు. నెలన్నర అంటారు, నాలుగు నెలలవుతుంది. అందుకే ఇక్కడ ఏ కార్డుకు ఎంత పాయింట్లన్నది కాదు ప్రశ్న. సరుకు రాకపోతే నా డబ్బు ఎవరు వెనక్కి తెస్తారన్నది. వైర్ ట్రాన్స్‌ఫర్, జెల్ (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు వెంటనే డబ్బు పంపే సదుపాయం) లాంటివాటితో పంపితే చేతిలో నగదు పెట్టినట్టే. పేపాల్‌లో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" కింద పంపమని అమ్మేవాడు అడిగితే, వాడు మీకు స్నేహితుడూ కాదు, చుట్టమూ కాదు. సరుకు కొనుగోలు కింద పంపితే, కట్టిన రోజు నుంచి 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు.

క్రెడిట్ కార్డుకు అమెరికాలో 1974 నాటి చట్టం అండ ఉంది. సరుకు రాకపోవడమూ బిల్లు తప్పు కిందికే వస్తుంది. అయితే ఆ చట్టం ఇచ్చే గడువు, ఆ బిల్లు ఉన్న మొదటి స్టేట్‌మెంట్ నుంచి 60 రోజులు. కిట్ నాలుగు నెలలకు వస్తుందంటే గడువు అప్పటికే దాటిపోతుంది! కార్డు కంపెనీల సొంత నియమాలు ఇంకొంచెం దయగా ఉంటాయి, డెలివరీ ఇస్తామన్న తేదీ నుంచి లెక్క వేస్తాయి. ఆ తేదీ కాగితం మీద ఉంటేనే కదా లెక్క. "త్వరలో" అన్న మాట ఒప్పుకోకుండా తేదీ రాయించుకోండి. ఇంకో నియమం కూడా ఉంది. ఇంటర్నెట్‌లోనో ఫోన్‌లోనో అమ్మినవాడు చెప్పిన గడువులో, ఏమీ చెప్పకపోతే 30 రోజుల్లో, సరుకు పంపాలి. పంపలేకపోతే ఆలస్యానికి మీ ఒప్పుదల అడగాలి, మీరు వద్దంటే డబ్బు తిరిగివ్వాలి. కార్డుకు 3 శాతం అదనం అంటారు కొందరు. 4,500 మీద అది 135 డాలర్లు. దాన్ని బీమా ప్రీమియం అనుకుని కట్టేయడమే నయం.

వాయిదాల సంగతి కుర్రాళ్లకు ఎక్కువ అవసరం. కొత్తగా వచ్చినవాళ్లకు క్రెడిట్ చరిత్ర ఉండదు, అఫర్మ్ లాంటి వాయిదా అప్పుల కంపెనీలు సులువుగా కనిపిస్తాయి. వాటిలో వడ్డీ సున్నా నుంచి 36 శాతం దాకా మనిషిని బట్టి మారుతుంది. 4,500 డాలర్లను 24 నెలలకు 12 శాతం మీద తీసుకుంటే నెలకు 212, మొత్తం వడ్డీ 584. అదే 24 శాతమైతే నెలకు 238, వడ్డీ 1,210. నెలకు 26 డాలర్లే కదా తేడా అనిపించేలా పేజీలో పెద్ద అక్షరాలతో చూపించేది నెలసరి అంకెనే. కింద ఉన్న మొత్తం అంకె చూడాలి.

ఇంతకన్నా మాయ చేసేది "12 నెలల్లో పూర్తిగా కడితే వడ్డీ లేదు" అన్న షాపు కార్డు. ఇందులో "కడితే" అన్న మాటే అసలు సంగతి. 30 శాతం వడ్డీ మొదటి రోజు నుంచి ఓ పక్కన పేరుకుంటూనే ఉంటుంది. 4,450 కట్టి చివరి 50 మరిచిపోతే, ఏడాది పొడుగునా పోగైన 700 డాలర్లకు పైగా వడ్డీ ఒక్కసారి వచ్చి మీద పడుతుంది. నిజమైన సున్నా వడ్డీ కార్డులో అయితే మిగిలిన ఆ 50 మీదే వడ్డీ. రెండు ప్రకటనలూ చూపుకు ఒకేలా ఉంటాయి. వాయిదాలతో కొన్న కిట్ తిరిగి పంపాల్సి వస్తే ఇంకో తలనొప్పి: అమ్మినవాడు రిఫండ్ వేసేదాకా అప్పు అప్పే, వాయిదా కట్టాల్సిందే. తిరిగి తీసుకున్నందుకు కొంత శాతం కోత కూడా పెడతారు. విదేశం నుంచి తెప్పించేవాళ్లు సుంకం లెక్క వేసుకోవాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది, కాబట్టి ముక్కలుగా తెప్పించే ఉపాయం ఇక పనిచేయదు.

చట్టం సంగతి కారున్న చోటును బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు, మరీ కొత్తవి మినహా, పొగ పరీక్ష తప్పదు. కిట్‌కు ఆ రాష్ట్ర వాయు బోర్డు ఇచ్చిన అనుమతి నంబరు ఉండాలి, అదీ మీ మోడలుకు, మీ సంవత్సరానికి. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది, 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోలు కార్లకు. నా 1999 కారు దాన్నుంచి ముసలితనం వల్ల బయటపడింది. అయినా పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పీకేయడం కేంద్ర చట్టం ప్రకారం ఎక్కడైనా చట్టవిరుద్ధమే. వారంటీలో ఉన్న కొత్త కారైతే, బయటి పార్టు పెట్టారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం కొట్టేయడానికి 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఒప్పుకోదు. కానీ టర్బో పెట్టాక కనెక్టింగ్ రాడ్ విరిగితే కారణం వెతకడానికి డీలరు ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. బీమా కంపెనీకి మాత్రం ముందే చెప్పండి.

హైదరాబాద్‌లో ఉన్న తమ్ముళ్లు కూడా అడుగుతుంటారు. అక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం. తయారీదారు ఇచ్చిన ప్రాథమిక లక్షణాలు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. ట్రాక్ మీదికి ట్రక్కులో తీసుకెళ్లే కారుకైతే సరే. రోజూ గచ్చిబౌలి వెళ్లే కారుకు వద్దు.

కుర్రాడి విషయానికొస్తే, కొనకముందు కారు తీసుకురమ్మన్నాను. ప్లగ్‌లు విప్పి కంప్రెషన్ గేజ్ పెట్టాం. నాలుగింటిలో మూడు సిలిండర్లు 180 పీఎస్‌ఐ చుట్టూ చూపించాయి, మూడో నంబరు సిలిండర్ ఒక్కటీ 125 దగ్గర ఆగిపోయింది. దాంట్లో చెంచాడు నూనె పోసి మళ్లీ తిప్పాం. అంకె కదల్లేదు. నూనె పోస్తే పెరగలేదంటే లోపం పిస్టన్ రింగుల్లో కాదు, వాల్వులోనో సిలిండర్ హెడ్‌లోనో. ఫోన్ తీసి ఆ కిట్ పేజీ మూసేశాడు. ఇప్పుడు ఇద్దరం హెడ్ పని చేసే షాపు కోసం వెతుకుతున్నాం.